బోర్డు లేని హాస్టల్

మీరు మొదటిసారి ఒక హోం తనిఖీకి వెళ్ళినప్పుడు మీకు కాఫీ ఇస్తారు. కొత్త కప్పుల్లో ఇస్తారు. తాగండి, తప్పులేదు. తాగాక మాత్రం లేచి వంటింట్లోకి ఒకసారి తొంగిచూడండి. అక్కడి ఆడవాళ్ళు రోజూ ఏ గ్లాసుల్లో తాగుతున్నారో చూడండి. మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా ఇంటికొచ్చి సలహా అడిగితే ముందు ఈ మాటే చెప్తాను. వాళ్ళు ఇంకేదో పెద్ద సంగతి చెప్తానని ఎదురుచూసి కాస్త నిరాశపడతారు.

నేను నగరపాలనలో సంక్షేమ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అమీర్‌పేట, పంజాగుట్ట, యూసుఫ్‌గూడ నా పరిధి. మొగుడు కొట్టి తరిమేస్తేనో, కొట్టుడు భరించలేక తనే వచ్చేస్తేనో ఆడమనిషికి తలదాచుకోవడానికి నీడనిచ్చే సంస్థలు కొన్ని మా గ్రాంటుతో నడిచేవి. అవి సరిగ్గా నడుస్తున్నాయా లేదా చూసి వార్డు కమిటీకి చెప్పడం నా ఉద్యోగం. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ మెమో ఎందుకిచ్చారు వగైరా సంగతులు రాయను. అవి నాకే విసుగు. నా మనసులోంచి ఇప్పటికీ పోని ఒక్క సంగతి రాస్తాను. దానికి ముందు, అది ఎలా జరిగిందో అర్థం కావడానికి మరో రెండు సంగతులు చెప్పాలి.

"ఎంతమందిని కలిపారు?"

సాఫ్ట్‌వేర్ వచ్చి ఊరంతా ఊగిపోతున్న రోజులవి. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కోర్సుల బోర్డే. బోర్డు మీద బోర్డు, దాని మీద ఇంకో బోర్డు. కిటికీ ఎక్కడుందో కనపడేది కాదు. చదువూ సంపాదనా పెరిగితే ఇళ్ళలో కొట్టడాలు తగ్గుతాయని మేమంతా అనుకున్నాం. తగ్గలేదు. కొట్టినవాడు ఇంగ్లీషులో సారీ చెప్పడం మాత్రం నేర్చుకున్నాడు.

పంజాగుట్టలో ఒక మేడమీద మా కౌన్సెలింగ్ సెంటర్ ఉండేది. నెలకోసారి డిప్యూటీ కమిషనర్ గారు రివ్యూ పెట్టేవారు. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టలేదు, ఆడ ఉద్యోగుల్ని ఒక్క మాట అనలేదు. కానీ ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఈ నెల ఎంతమందిని కలిపారమ్మా?"

కలపడమంటే భార్యాభర్తల్ని మళ్ళీ ఒకే ఇంటికి పంపడం. పంపితే కేసు పూర్తయినట్టు. పంపకపోతే పెండింగు. ఒకసారి ఉండబట్టలేక, "కలిపినవాళ్ళలో మళ్ళీ దెబ్బలతో వచ్చినవాళ్ళని తీసేసి చెప్పమంటారా అండీ?" అన్నాను. ఆయన నవ్వి, "అలా చూడటం మొదలుపెడితే ఇక తేలదమ్మా," అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే చిరాకేస్తుంది.

జావా పరీక్ష ఉన్న బాధితురాలు

మా దగ్గర ఒక అలవాటుండేది. తనిఖీకి వెళ్ళే ముందురోజు ఫోన్ చేసి చెప్పేవాళ్ళం. మర్యాద అనేవాళ్ళం దాన్ని. ఒక సంస్థకి అలాగే చెప్పి వెళ్ళాను. హాల్లో చాపల మీద అమ్మాయిలు వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ ఇరవై దాటీ దాటనివాళ్ళే. ఒక్కరి ఒళ్ళో పసిపిల్ల లేదు, ఒక్కరి ముఖంలో దిగులు లేదు. ఒకమ్మాయి చున్నీ చాటున పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. పక్కకి పిలిచాను.

"ఏమ్మా, నీ కష్టమేంటి?"

"రేపు జావా ఎగ్జామ్ అండీ. ఇంకా సగం చదవలేదు."

పాపం, ఆ పిల్లకి ఎందుకు కూర్చోబెట్టారో కూడా తెలీదు. పక్క లేడీస్ హాస్టల్ నుంచి బిర్యానీ పెడతామని తీసుకొచ్చారట. గ్రాంటు ఆపించాను. ఆ సంస్థకి తాళం పడింది. ఆఫీసులో నా పేరు మారుమోగింది. వార్డు కమిటీ నన్ను పిలిచి శాలువా కప్పింది.

ఆ మీటింగులోనే ఒక నియమం పుట్టింది. మన సాయంతో నడిచే ప్రతి సంస్థా వీధిలోకి కనపడేలా బోర్డు పెట్టాలి. ఏ సంస్థ, ఎవరి కోసం, ఎవరి సాయంతో అన్నీ దానిమీద ఉండాలి. అప్పుడు చుట్టుపక్కలవాళ్ళకి తెలుస్తుంది, దొంగ సంస్థ అయితే వాళ్ళే చెప్తారు. ఆలోచన బాగానే ఉంది కదా? నాకూ బాగానే అనిపించింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సువర్ణ నడిపిన ఇల్లు

నా పరిధిలో నిజంగా పనిచేసే హోం ఒకటుండేది. అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో మూడంతస్తుల ఇల్లు. నడిపేది సువర్ణ. మెదక్ వైపు మనిషి. అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. దెబ్బలు తిని వచ్చినవాళ్ళు 'మెట్ల మీంచి పడ్డాను' అని చెప్పడం విని విని విసిగిపోయి ఈ పనిలోకి వచ్చింది. ఎవరికీ తలవంచేది కాదు, నాకైతే అసలే కాదు. నేను వెళ్తే కాఫీ కూడా ఇచ్చేది కాదు. "మీరొచ్చిండ్రని పాలు కొనుక్కరావాల్నా మేడం?" అనేది.

ఆ ఇంటికి బోర్డు లేదు. సందులో ఉన్న మిగతా ఇళ్ళన్నీ అమ్మాయిల హాస్టళ్ళే కాబట్టి దీన్నీ హాస్టలే అనుకునేవారు అంతా. బాల్కనీలో చుడీదార్లు ఆరేసి ఉండేవి. కుర్రాళ్ళు కింద నిలబడి ఈల వేస్తే సువర్ణ పైనుంచి బకెట్ నీళ్ళు కుమ్మరించేది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమె ముందు ఒక ప్లాస్టిక్ ఫైలూ, ఒక చున్నీ ఇచ్చేది. ఆ రోజుల్లో ఆడపిల్లలంతా దుమ్మూ పొగా అని ముఖానికి చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడేలా తిరిగేవాళ్ళు కదా.

"చేతిల ఫైలుంటే ఎవ్వడు ఏమడగడు మేడం," అంది నాతో ఒకసారి. "గీ అమీర్‌పేటల ఫైలు పట్టుకున్నదంటే కోర్సు పిల్లనే. మస్తు మంది ఉన్నరు. గండ్ల మా పిల్ల ఒక్కతి కలిస్తే ఎవలు గుర్తుపడ్తరు?"

ఒక సంస్థ హాస్టలు పిల్లల్ని తెచ్చి బాధితులుగా చూపించింది. ఈమె బాధితుల్ని హాస్టలు పిల్లలుగా దాచింది. బయటినుంచి చూస్తే రెండూ అబద్ధాలే. మా నియమానికి ఆ తేడా తెలీదు.

హేమలత ఆ ఇంటికే వచ్చింది. సిద్దిపేట దగ్గరి పిల్ల, డిగ్రీ చదివింది. ఆమె భర్త అక్కడికి రెండు సందుల అవతల ఒక కోచింగ్ సెంటర్లో జావా పాఠం చెప్పేవాడు. మంచి పేరు. ఆయన క్లాసులో సీటు కోసం పిల్లలు తెల్లారేసరికి వచ్చి నిలబడేవారట. ఇంట్లో బెల్టు పట్టుకునేవాడు. ఆమెనే అడిగాను.

"ఇంత దగ్గర్లో ఉన్నాడు కదమ్మా, భయం వేయట్లేదా?"

"ఆయన నన్ను మా అమ్మగారింట్ల దేవులాడుతడు మేడం. చుట్టాలిండ్లల్ల దేవులాడుతడు. తన క్లాస్ పక్కకే ఉన్ననని ఎందుకనుకుంటడు?" అంది హేమ. తర్వాత, "టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటున్న. అది అయిపోయి ఒక నౌకరి దొరికేదాంక నన్ను ఎవ్వరు చూడొద్దు. గంతే. అటెన్క ఆయన ఎదురొచ్చినా నాకు ఫికర్ లేదు," అంది.

ఆమె అడిగింది అంతే. డబ్బు అడగలేదు, న్యాయం అడగలేదు. కొన్నాళ్ళు ఎవరికీ కనపడకుండా ఉండనివ్వమంది.

బోర్డు

నియమం సువర్ణ ఇంటికీ వచ్చింది. ఆమె వార్డు కమిటీ మీటింగుకి వచ్చి నిలబడి మాట్లాడింది.

"బోర్డు పెడ్తే మా ఇల్లు ఎందుకు సారూ? మా దగ్గరికి ఆడోళ్ళు దాక్కునేటందుకే వస్తరు."

కమిటీకి పెద్ద మా కార్పొరేటర్. అందరూ అన్నా అని పిలిచేవారు. ఎవరికి కష్టం వచ్చినా బండేసుకుని పరిగెత్తే మనిషి, కానీ బోర్డు అంటే ప్రాణం. "అక్కా, మంచి పని చేస్తున్నవ్, దాచుడెందుకు?" అన్నాడు. "పదిమందికి తెలవాలె. కష్టంల ఉన్న చెల్లెలు బోర్డు చూసి వస్తది. జర సోంచాయించు."

నేను లేచి, ఈ ఒక్క ఇంటికీ మినహాయింపు ఇవ్వమన్నాను. డిప్యూటీ కమిషనర్ గారు కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"బోర్డు లేని హోంలో ఏం జరుగుతుందో మాకు చూపించింది మీరే కదమ్మా? ఒకరికి వదిలేస్తే అందరూ అడుగుతారు. రేపు ఎవరైనా మళ్ళీ హాస్టలు పిల్లల్ని కూర్చోబెడితే జవాబు ఎవరు చెప్తారు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. గేటు లోపలివైపు పెట్టుకోనివ్వండి అన్నాను. వీధిలోకి కనపడని బోర్డు బోర్డెలా అవుతుంది అన్నారు. బోర్డు పెట్టకపోతే గ్రాంటు ఆగుతుంది, గ్రాంటు ఆగితే ఆ ఆడవాళ్ళంతా రోడ్డు మీద పడతారు. సువర్ణ నావైపు కూడా చూడకుండా, "పెట్టుండ్రి," అని వెళ్ళిపోయింది.

నీలం రంగు బోర్డు, తెల్ల అక్షరాలు. 'గృహహింస బాధిత మహిళల ఆశ్రయ గృహం'. పక్కన కార్పొరేటర్ గారి ఫోటో. కొబ్బరికాయ కొట్టారు, లడ్డూలు పంచారు. అందరూ కిందే ఉన్నారు. హేమ మాత్రం పై గదిలో తలుపేసుకుని ఉంది. ఆమె కోర్సు అయిపోవచ్చింది. ఒక కంపెనీ ఇంటర్వ్యూకి కూడా పిలిచింది. బోర్డుని ఎవరు చదువుతారులే, ఇన్ని బోర్డుల మధ్య అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను.

గేటు ముందు సారు

ఆ సందు మొదట్లో ఇరానీ చాయ్ హోటల్ ఉంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య హేమ భర్త అక్కడే చాయ్ తాగేవాడు. కొత్త బోర్డు చూశాడు, చదివాడు. మర్నాటినుంచి గేటు ఎదురుగా నిలబడ్డాడు.

అరవలేదు, తిట్టలేదు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి పెట్టె. దారినపోయే స్టూడెంట్లు "గుడ్ మార్నింగ్ సార్" అంటే నవ్వి పలకరించేవాడు. నేను వెళ్ళి అడిగితే ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"నేనేమన్న అంటున్ననా మేడం? నా భార్య లోపట ఉన్నదేమోనని చూస్తున్న. ఉంటే ఇంటికి తీస్కపోత. గంతే కద?"

స్టేషన్‌కి ఫోన్ చేస్తే కానిస్టేబుల్ వచ్చాడు. ఆయనతో కాసేపు మాట్లాడి నా దగ్గరికొచ్చి, "రోడ్డు మీద నిలబడ్డందుకు ఏం కేసు పెట్టమంటరు మేడం?" అన్నాడు. అక్కడ నిలబడటం ఎందుకు నేరమో చెప్పగలిగే మాట నాకు ఆ పూట దొరకలేదు. ఇప్పుడు గృహహింస చట్టంలో ఆ మాట ఉంది, రక్షణ ఉత్తర్వు అని. మీరు బట్టీ పట్టండి, అవసరమొచ్చినప్పుడు వెతుక్కోకండి.

ఆయన అక్కడ నిలబడ్డన్నాళ్ళూ ఆ ఇంట్లోంచి ఎవరూ బయటికి రాలేదు. ఒకావిడ బట్టల షాపులో పనికి వెళ్ళడం మానేసింది. ఇంకొకావిడ బిడ్డని బడికి పంపడం మానేసింది. ఇవాళ ఈయన వచ్చాడు, రేపు నా మొగుడూ వస్తాడు అని అందరికీ ఒకటే భయం. హేమ ఇంటర్వ్యూకి వెళ్ళలేదు.

కార్పొరేటర్ గారు కల్పించుకుని ఇద్దరినీ కూర్చోబెట్టారు. ఆయన నిజంగా మంచే చేస్తున్నాననుకున్నారు. "గింత మంచి సారు, గింత చదువుకున్న మనిషి, ఒక్క ఛాన్స్ ఇయ్యి బిడ్డా," అన్నారు. భర్త కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. హేమ నేలవైపు చూస్తూ, "పోత," అంది.

నేను ఆమెని పక్కగదిలోకి తీసుకెళ్ళాను. "వద్దమ్మా. నిన్ను ఇంకో హోంకి మారుస్తాను. ఇవాళే మారుస్తాను."

హేమ నా ముఖంలోకి చూసింది. "ఆ హోంకు బోర్డు లేదా మేడం?"

అన్నిటికీ ఉంది. మేమే పెట్టించాం.

"నేనుంటే గీళ్ళందరు లోపట్నే మగ్గాలె. నా ఒక్కదాని కోసం ఎందుకు?" అంది. ఫైలు సువర్ణ చేతిలో పెట్టింది. సువర్ణ ఏడుస్తుంటే నేను మొదటిసారి చూశాను. ఆ నెల రివ్యూలో డిప్యూటీ కమిషనర్ గారు అడగకముందే ఎవరో చెప్పారు, ఒకరిని కలిపామని. ఆయన బాగుందన్నారు.

మళ్ళీ వచ్చింది

చాలా నెలల తర్వాత హేమ మా ఆఫీసుకొచ్చింది. నా బల్ల ముందు కుర్చీలో కూర్చోకుండా, కుర్చీని పక్కకి తిప్పుకుని కూర్చుంది.

"ఎడమ చెవ్వు వినొస్తలేదు మేడం. జర ఇటుదిక్కు మాట్లాడుండ్రి."

నేను లేచి బల్ల ఇవతలికి వచ్చాను. క్షమించమనలేదు, ఆ మాట ఆమె చాలాసార్లు విని ఉంటుంది. ఆ ఇంట్లోంచి వచ్చేశానని, మళ్ళీ వెళ్ళనని చెప్పింది. ఏం కావాలన్నా చేస్తానన్నాను. కేసు పెడదాం, లాయర్ని చూస్తాను, ఉండటానికి చోటు చూస్తాను అంటూ పోయాను.

"నాకేం వద్దు మేడం. ఆ బోర్డు తీపియ్యుండ్రి. ఇంకెవలన్న ఉంటరు కద ఆడ."

ఆమె ఆ ఒక్కటీ అడగడానికే వచ్చింది. అడిగి లేచింది. ఎక్కడికి వెళ్తున్నావమ్మా అన్నాను.

"చెప్ప మేడం."

"నామీద కోపంగా ఉందా?"

"కోపం లేదు. మీరు మంచోళ్ళే. గని మీకు తెలిస్తే మీ ఆఫీసుకు తెలుస్తది."

ఆమె మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత ఆమెని చూడలేదు. బతికుందనే నా నమ్మకం. ఏదో కంపెనీలో, చున్నీ లేకుండా, కుడిచెవికి ఫోన్ పెట్టుకుని మాట్లాడుతోందని అనుకుంటాను. అది నా ఆశే కానీ నాకు తెలిసింది ఏమీ లేదు.

బోర్డు తీయించడానికి ఫైలు పెట్టాను. ప్రభుత్వ నిధితో పెట్టిన బోర్డు తీయాలంటే కమిటీ తీర్మానం చేయాలన్నారు. కమిటీలో ఎవరూ వద్దనలేదు. అయితే ఆ అంశం ఎప్పుడూ చివర్లో ఉండేది, అక్కడికొచ్చేసరికి భోజనాల వేళయ్యేది. నేను ఊరుకోకుండా గుర్తుచేశాను, కానీ మర్యాదగా గుర్తుచేశాను. కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మీకు మర్యాద తెలుసని ఎవరికీ అనుమానం ఉండదు. అవసరమైనచోట దాన్ని పక్కన పెట్టండి. నేను ఒక నిచ్చెన తీసుకెళ్ళి ఆ బోర్డు నేనే పీకేసి ఉంటే ఒక మెమో వచ్చేది. అంతకన్నా ఏం జరిగేది కాదు.

ఇంకొకటి. ఎవరూ దొంగతనం చేయకుండా చూడటమే పర్యవేక్షణ అనుకున్నాం మేము. ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషికి ఏది రక్ష అని ముందు అడగాలి. ఆమెనే అడగాలి. మీటింగుకి సువర్ణని పిలిచాం కానీ హేమని పిలవలేదు. పిలవాలని నాక్కూడా తోచలేదు.

మొన్న

నేను రిటైరవకముందే ఆ హోం మూతపడింది. ఆడవాళ్ళు రావడం తగ్గింది, వచ్చినవాళ్ళు నిలవడం లేదు, గ్రాంటు రద్దయింది. ఆ మేడని ఒక కోచింగ్ సెంటరు అద్దెకి తీసుకుంది.

మొన్నామధ్య కళ్ళజోడు మార్పించుకుందామని ఎర్రమంజిల్ నుంచి అమీర్‌పేట వెళ్ళి, కాళ్ళు లాక్కుపోతే ఆ సందులోకి తిరిగాను. కొత్త బోర్డుల కింద నీలం బోర్డు అలాగే ఉంది. కార్పొరేటర్ గారి ముఖం వెలిసిపోయింది, అక్షరాలు మాత్రం చక్కగా కనపడుతున్నాయి. గేటు ముందు ఒకామె నిలబడి వాటిని చదువుతోంది. చేతిలో చిన్న సంచి. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాచ్‌మన్ ఆమెకి చెయ్యి ఊపుతున్నాడు, లేదు లేదు అన్నట్టు.

"హోం ఎప్పుడో పోయింది మేడం," అన్నాడు నాతో. "గని ఎవరో ఒకరు వస్తనే ఉంటరు, బోర్డు సూసి."

"మరి తీసేయచ్చు కదయ్యా?"

"సర్కారు బోర్డు. మేమెట్ల తీస్తం?"

ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. నేను వెంటపడి చెయ్యి పట్టుకున్నాను. గోదావరి వైపు యాస.

"ఇక్కడ ఆడవాళ్ళని ఉండనిస్తారని రాసుంది కదండీ. లేదంటున్నాడేంటండీ?" అంది. చెంప మీద వాపు ఇంకా తాజాగా ఉంది.

సువర్ణకి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు ఎవరి గ్రాంటూ లేకుండా అమ్మాయిల హాస్టలు నడుపుతోంది. అందులో అందరూ కోర్సు పిల్లలు కారని నాకు తెలుసు. గేటు ముందు చూసింది చెప్పాను.

"మీరొక్కరే ఉన్నరా మేడం?" అంది.

"ఒక్కదాన్నే."

"ఆఫీసోళ్ళకెవలకన్న చెప్పిండ్రా?"

"చెప్పలేదు. చెప్పను."

"తీస్కరాండ్రి. ఎన్కగేటు దిక్కు రాండ్రి."

ఆమెకి ఇవ్వడానికి నా దగ్గర చున్నీ లేదు, ఆమె పమిట కొంగే ముఖానికి సరిగ్గా చుట్టుకోమన్నాను. ఎదురుగా షాపులో ఒక ప్లాస్టిక్ ఫైలు కొని ఆమె చేతిలో పెట్టాను. ఎందుకన్నట్టు చూసింది. ఊరికే పట్టుకోమ్మా అన్నాను. ఆటో పిలిచి ఇద్దరం ఎక్కాం.

ఎక్కడికి వెళ్ళామో ఇక్కడ రాయను.